‘పరిశీలనలో ఉంది’ అన్న జవాబు రాకుండా కొలువుల ప్రశ్న రాయడం ఎట్లా?

అసెంబ్లీ సమావేశాలు దగ్గర పడ్డాయంటే నల్గొండ, పాలమూరు వైపు ఎమ్మెల్యేల క్యాంపు ఆఫీసులకు పోటీ పరీక్షలు రాసే పిల్లలు వినతిపత్రాలు పట్టుకొని వస్తుంటారు. మా పోస్టుల ముచ్చట సభలో అడగండి సార్ అంటారు. ఎమ్మెల్యే సరే అంటాడు. పీఏ రెండు వాక్యాల ప్రశ్న రాసి శాసనసభ సచివాలయానికి పంపుతాడు. అదృష్టం బాగుండి ప్రశ్న జాబితాలోకి ఎక్కితే, చివరికి వచ్చే జవాబు ఇది: ‘అవునండి. భర్తీకి చర్యలు పరిశీలనలో ఉన్నాయి.’

ఆ జవాబు చూసి మంత్రిని తిట్టుకుంటాం. అందులో సగం తప్పు ప్రశ్నది. ‘ఖాళీలు ఉన్న మాట వాస్తవమేనా, ఉంటే ఎప్పుడు నింపుతారు’ అని అడిగితే మంత్రి తన ఉద్దేశం చెబుతాడు. ఉద్దేశం ఎప్పుడూ మంచిగానే ఉంటుంది. అడగాల్సింది ఫైలు ఏ బల్ల మీద, ఏ తేదీ నుంచి ఉందో. ఈ తేడా తెలిస్తే ప్రశ్న రాసే తీరే మారిపోతుంది. ఎమ్మెల్యేల దగ్గర పనిచేసే కుర్రాళ్లకు, వినతిపత్రాలు రాసే నిరుద్యోగ సంఘాల వాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ముందు ప్రశ్నల రకాలు. సభలో నోటిమాటగా జవాబు రావాలంటే నక్షత్ర గుర్తు ప్రశ్న వేయాలి. దానికి మంత్రి లేచి జవాబు చెప్పాక అనుబంధ ప్రశ్నలు అడగొచ్చు. నక్షత్ర గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వక జవాబు వస్తుంది, అంతటితో సరి. అత్యవసరమైతే స్వల్ప వ్యవధి ప్రశ్న ఉంది. దానికి మంత్రి ఒప్పుకోవాలి. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు, 230 నక్షత్రం లేనివి జాబితాలోకి వస్తాయి. మన అసెంబ్లీలో గంటసేపు సాగే ప్రశ్నోత్తరాలకు మామూలుగా పది ప్రశ్నలు పెడతారు. పదికి అరవై నిమిషాలంటే ఒక్కోదానికి ఆరు నిమిషాలు. అందులో మంత్రి జవాబు పోను, అడిగిన సభ్యుడికి మిగిలేది రెండు మూడు నిమిషాలే. పది ప్రశ్నలూ పూర్తయ్యే రోజులు తక్కువ. వంతు రాని ప్రశ్నలకు జవాబులు కాగితం మీద సభ ముందు పెడతారు, అనుబంధ ప్రశ్నకు చోటే ఉండదు.

చాలామంది చేసే పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. అంకెల కోసం నక్షత్ర గుర్తు ప్రశ్న వేస్తారు. ఆరు నిమిషాల్లో మంత్రి మండలాల వారీగా పట్టిక చదవడు. ‘వివరాలు అనుబంధంలో ఉన్నాయి’ అని కూర్చుంటాడు. ఆ పట్టిక సభ్యుడి చేతికి వచ్చేది ఆ పూటే. దాన్ని చదివి, తప్పు పట్టుకొని, అక్కడికక్కడే అడగడం ఎంతటి అనుభవజ్ఞుడికైనా కష్టం. నా సలహా: అంకెలన్నీ ముందు నక్షత్రం లేని ప్రశ్నతో రాబట్టండి. ఆ జవాబు చేతిలో పెట్టుకొని తర్వాతి సమావేశాల్లో నక్షత్ర గుర్తు ప్రశ్న వేయండి. అప్పుడు సర్కారు సొంత అంకెలే మీ చేతిలో ఉంటాయి. వాటిని మంత్రి కాదనలేడు.

ఇక అసలు పని, ప్రశ్న రాయడం. మామూలుగా వచ్చే నమూనా ఒకటి, అచ్చు ఇదే రకం:

‘ఉన్నత విద్యాశాఖ మంత్రి దయచేసి తెలియజేస్తారా: (అ) నల్గొండ జిల్లాలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో అధ్యాపక పోస్టులు ఖాళీగా ఉన్న విషయం వాస్తవమేనా, (ఆ) అయితే, వాటిని ఎప్పటిలోగా భర్తీ చేస్తారు?’

దీనికి ‘(అ) అవునండి. (ఆ) త్వరలో’ అంటే జవాబు ఇచ్చినట్టే లెక్క. అదే సంగతిని ఇట్లా అడిగి చూడండి:

‘(అ) నల్గొండ జిల్లాలోని ఒక్కో ప్రభుత్వ డిగ్రీ కళాశాలకు మంజూరైన అధ్యాపక పోస్టులెన్ని, వాటిలో రెగ్యులర్ అధ్యాపకులు, కాంట్రాక్టు అధ్యాపకులు, అతిథి అధ్యాపకులు విడివిడిగా ఎంతమంది, రెగ్యులర్ వారిలో డిప్యుటేషన్ మీద వేరేచోట పనిచేస్తున్నవారెందరు, (ఆ) రెగ్యులర్ ఖాళీల్లో ఎన్నింటికి ఆర్థిక శాఖ అనుమతి ఇచ్చింది, ఏ తేదీన, (ఇ) అనుమతి వచ్చిన పోస్టుల్లో ఎన్నింటికి నియామక సంస్థకు ఇండెంట్ పంపారు, ఏ తేదీన, (ఈ) ఆ ఇండెంట్లలో సవరణల కోసం వెనక్కి వచ్చినవి ఎన్ని, కారణాలేమిటి?’

ఇందులో ‘ఎప్పుడు’ అన్న మాట భవిష్యత్తు గురించి ఒక్కచోట కూడా లేదు. అడిగినవన్నీ ఇప్పటికే జరిగినవి, లేదా జరగనివి. ‘పరిశీలనలో ఉంది’ అనడానికి సందు దొరకదు. ఆర్థిక శాఖ అనుమతి వచ్చిందో లేదో ఫైల్లో రాసి ఉంటుంది. ఇండెంట్ అంటే పోస్టుల వివరాలతో శాఖ నియామక సంస్థకు పంపే కాగితం.

(అ) భాగాన్ని అన్ని ముక్కలు చేయడానికి కారణముంది. ఒక కళాశాలకు 20 పోస్టులు మంజూరయ్యాయనుకుందాం. రెగ్యులర్ వాళ్లు 9 మంది, వాళ్లలో ఇద్దరు డిప్యుటేషన్ మీద పట్నంలో. కాంట్రాక్టు వాళ్లు 6 మంది. ‘ఖాళీలెన్ని’ అని మాత్రమే అడిగితే, కాంట్రాక్టు వాళ్లను కూడా పనిచేస్తున్నవాళ్ల గడిలో వేసి 5 అని పంపొచ్చు. రెగ్యులర్ లెక్క పట్టుకుంటే ఖాళీలు 11. తరగతి గదిలో నిలబడి పాఠం చెప్పే రెగ్యులర్ అధ్యాపకులు ఏడుగురే. మూడు అంకెలూ నిజమే, ఏదీ అబద్ధం కాదు. మనకు కావాల్సిన అంకె ఏదో ప్రశ్నే చెప్పాలి. డిప్యుటేషన్ మాట ఎత్తకపోతే ఆ ఇద్దరూ మనూళ్లోనే పాఠాలు చెబుతున్నట్టు లెక్కలో ఉంటారు. దేవరకొండ, అచ్చంపేట, అమ్రాబాద్ లాంటి దూరపు ఊళ్లకు ఈ ఒక్క గడి ఎంతో ముఖ్యం.

సర్కారు కొలువు ఖాళీ నుంచి నియామక పత్రం దాకా నడిచే దారి తెలియకుండా ఇట్లాంటి ప్రశ్న రాయలేం. రిటైర్మెంటుతోనో ప్రమోషన్‌తోనో పోస్టు ఖాళీ అవుతుంది. శాఖాధిపతి ఖాళీలన్నీ కూర్చి ప్రభుత్వానికి పంపుతాడు. ఆర్థిక శాఖ ఎన్నింటికి ఒప్పుకుంటుందో జీవో ఇస్తుంది. ఆ తర్వాత శాఖ రోస్టర్ పాయింట్లు (రిజర్వేషన్ల వరస) వేసి, ఏ పోస్టు ఏ వర్గానికి, ఏ జిల్లా లేదా జోన్‌కు పోతుందో తేల్చి ఇండెంట్ తయారుచేస్తుంది. నియామక సంస్థ దాన్ని పరిశీలిస్తుంది. సర్వీసు రూల్స్‌లో అర్హతకు, ఇండెంట్‌లో రాసిన అర్హతకు పొంతన కుదరకపోయినా, రోస్టర్‌లో తేడా ఉన్నా వెనక్కి పంపుతుంది. సరైతే నోటిఫికేషన్, పరీక్ష, ధ్రువపత్రాల పరిశీలన, తుది జాబితా, నియామకం. బయట జనం చూసేది నోటిఫికేషన్ నుంచే. ఫైలు ఎక్కువగా ఆగేది దానికి ముందు, ఆర్థిక శాఖ దగ్గర, రోస్టర్ దగ్గర, సర్వీసు రూల్స్ సవరణ దగ్గర. అందుకే ప్రశ్న బరువంతా అక్కడ వేయాలి.

ఏ మంత్రిని అడగాలన్నది ఇంకో చిక్కు. పబ్లిక్ సర్వీస్ కమిషన్ వ్యవహారం సాధారణ పరిపాలన శాఖది. పోలీసు నియామక మండలి హోం శాఖ కిందిది. డీఎస్సీ పాఠశాల విద్యాశాఖది. వైద్యులు, నర్సులకు వైద్య ఆరోగ్య సేవల నియామక మండలి ఉంది. గురుకులాలకు వేరే బోర్డు. ‘నిరుద్యోగ సమస్య’ అని ఒకే ప్రశ్నలో అన్నీ కలిపేస్తే ఒక శాఖ ఇంకో శాఖకు బదిలీ చేస్తుంది, ఈలోపు సమావేశాలు అయిపోతాయి. లోక్‌సభ నియమాల ప్రకారం సభ ప్రొరోగ్ అయితే, అంటే ఆ విడత సమావేశాలు లాంఛనంగా ముగిస్తే, ప్రశ్న నోటీసులకు కాలం చెల్లుతుంది, మళ్లీ కొత్తగా ఇవ్వాల్సిందే. ఒక ప్రశ్న, ఒక శాఖ, ఒక సంగతి. దీన్ని దాటొద్దు.

మన దక్షిణ తెలంగాణలో ప్రత్యేకంగా ఎదురయ్యే ఇబ్బంది జిల్లాల లెక్క. 2016 అక్టోబర్ 11న పాత నల్గొండ మూడు ముక్కలైంది: నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట విడిపోయింది. కొన్ని మండలాలు రంగారెడ్డిలో, వికారాబాద్‌లో కలిశాయి. ‘2014 నుంచి ఇప్పటిదాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఎన్ని పోస్టులు నింపారు’ అని అడిగితే, రెండేండ్లకు పాత జిల్లా లెక్క, ఆ తర్వాత కొత్త జిల్లా లెక్క వచ్చి, పోస్టులు ఒక్కసారిగా తగ్గిపోయినట్టు కనిపిస్తుంది. ఆ పట్టిక పట్టుకొని సభలో మాట్లాడితే మంత్రి ఒక్క మాటతో కొట్టిపారేస్తాడు. కాబట్టి ‘పూర్వపు ఉమ్మడి మహబూబ్‌నగర్ పరిధిలోని ప్రస్తుత జిల్లాల వారీగా’ అని స్పష్టంగా రాయాలి, లేదంటే 2016 తర్వాతి లెక్కే అడగాలి.

నియోజకవర్గం పేరుతో అడిగితే ఇంకా గజిబిజి. కల్వకుర్తి నియోజకవర్గంలో కల్వకుర్తి, వెల్దండ నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్నాయి. ఆమనగల్లు, తలకొండపల్లి, మాడ్గుల, కడ్తాల్ రంగారెడ్డిలో ఉన్నాయి. తుంగతుర్తి నియోజకవర్గమైతే సూర్యాపేట, నల్గొండ, యాదాద్రి మూడింటిలోకీ పాకింది. శాఖలు లెక్కలు ఉంచేది జిల్లా పేరుతో, మండలం పేరుతో. నియోజకవర్గం పేరు మాత్రమే రాస్తే ఒక జిల్లా అధికారి లెక్క వచ్చి రెండోది రాకపోవచ్చు. మండలాల పేర్లు వరసగా రాసెయ్యండి, మూడు పదాలు ఎక్కువైనా ఫర్వాలేదు.

జోన్ల సంగతి దీనికి తోడు. కొలువుల భర్తీ కోసం కొన్ని జిల్లాలను కలిపి చేసినవే జోన్లు, కొన్ని జోన్లు కలిస్తే మల్టీజోన్. 371డి అధికరణం కింద వచ్చిన 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం తెలంగాణలో ఏడు జోన్లు, రెండు మల్టీజోన్లు. నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, జనగామ యాదాద్రి జోన్‌లోకి వస్తాయి. మహబూబ్‌నగర్, నారాయణపేట, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జోగులాంబ జోన్. మొదట జోగులాంబలో ఉన్న వికారాబాద్‌ను 2021 సవరణతో చార్మినార్ జోన్‌లో చేర్చారు. ఈ మూడు జోన్లూ రెండో మల్టీజోన్ కిందివే. నేరుగా నింపే పోస్టుల్లో 95 శాతం స్థానికులకే. స్థానికత తేల్చేది ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కువ ఏండ్లు ఎక్కడ చదివారన్నది. గద్వాల, అలంపూర్ వైపు చిన్నప్పుడు కర్నూలు బడుల్లో చదివిన పిల్లలకు, కోదాడ, హుజూర్‌నగర్ వైపు జగ్గయ్యపేటలో చదివిన పిల్లలకు ఇది బతుకు సమస్య. కానీ సభలో దీన్ని ‘మా పిల్లలకు అన్యాయం జరుగుతోంది’ అని అడిగితే అది ప్రశ్న కాదు, ప్రసంగం. జోగులాంబ జోన్‌లో ఫలానా నోటిఫికేషన్ కింద ఎందరు అభ్యర్థులను స్థానికేతరులుగా గుర్తించారు, 95 శాతం దాటి మిగిలిన కోటాలో ఎందరికి పోస్టులు దక్కాయి అని అడిగితే విధానం మీద మాట్లాడే ఆధారం దొరుకుతుంది.

స్థానికత మీద ప్రశ్న మన నేలకు కొత్త కాదు. 1952లో హైదరాబాద్ రాష్ట్రానికి 175 మంది సభ్యులతో ఎన్నికైన శాసనసభ వచ్చింది. షాద్‌నగర్ నుంచి గెలిచిన బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి. అదే ఏడు ముల్కీ (స్థానికుల) ఉద్యమం రేగింది. కొలువులు ఎవరికి దక్కుతున్నాయన్నదే దాని మూలం. 1985 డిసెంబర్ 30న 610 జీవో వచ్చింది. స్థానికేతరులను 1986 మార్చి 31లోగా వెనక్కి పంపాలని అందులో ఉంది. గడువు దాటింది, పని జరగలేదు. ఏండ్ల తరబడి సభ్యులు అడుగుతూ పోతే 2001లో ఆ జీవో అమలును పరిశీలించే గిర్‌గ్లానీ కమిషన్, ఆ తర్వాత సభా సంఘాలు వచ్చాయి. ఒక సభా సంఘానికి అప్పుడు కోదాడ ఎమ్మెల్యేగా ఉన్న ఉత్తమ్‌కుమార్ రెడ్డి అధ్యక్షుడు. జీవోలో గడువు తేదీ రాసి ఉండబట్టే ఆ ప్రశ్న అన్నేండ్లు బతికింది. తేదీ లేని హామీని అన్నేండ్లు వెంటాడటం సాధ్యం కాదు.

ప్రశ్న తిరస్కరణకు గురయ్యే కారణాలు కూడా తెలిసి ఉండాలి. లోక్‌సభలో ప్రశ్న 150 పదాలు దాటకూడదు. వాదన, వ్యంగ్యం, నిందారోపణ ఉండొద్దు. అభిప్రాయం అడగొద్దు, ఊహాజనితం కావొద్దు. అవసరం లేని వ్యక్తుల పేర్లు తేవొద్దు. అందుబాటులో ఉన్న పత్రాల్లో దొరికే సమాచారం అడగొద్దు. అప్పటికే జవాబు ఇచ్చిన ప్రశ్నను మళ్లీ వేయొద్దు. మన అసెంబ్లీ నియమాలూ ఇదే దారిలో ఉంటాయి. అనుమతించాలా వద్దా అన్నది స్పీకర్ నిర్ణయం. ‘ఫలానా వ్యక్తికి పైరవీతో పదవి ఇచ్చారట కదా’ అన్న ప్రశ్న గడప దాటదు. ‘ఆ పదవికి చట్టంలో ఉన్న అర్హతలేమిటి, ఎంపిక సంఘంలో ఎవరు సభ్యులు, సంఘం ఏ తేదీన సమావేశమైంది, ఎన్ని దరఖాస్తులు వచ్చాయి’ అని అడిగితే దాటుతుంది. రెండో ప్రశ్నకు వచ్చే జవాబులో మొదటి ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది. పైగా పేరు ఎత్తకుండా అడిగే సభ్యుడికి సభలో గౌరవం పెరుగుతుంది.

నామినేటెడ్ పదవుల మీద అడిగేవాళ్లు తక్కువ, అది బాధ కలిగించే విషయం. మార్కెట్ కమిటీలు, దేవాలయ ధర్మకర్తల మండళ్లు, కార్పొరేషన్ ఛైర్మన్లు, విశ్వవిద్యాలయాల పాలకమండళ్లు, సమాచార కమిషనర్లు అన్నీ ప్రభుత్వ నియామకాలే. ప్రతి దానికీ ఒక చట్టం, ఒక సెక్షన్ ఉంటుంది. సమాచార కమిషనర్ల ఎంపిక సంఘంలో ముఖ్యమంత్రి, శాసనసభలో ప్రతిపక్ష నాయకుడు, ముఖ్యమంత్రి సూచించిన ఒక మంత్రి ఉండాలని 2005 సమాచార హక్కు చట్టం 15వ సెక్షన్‌లో ఉంది. నల్గొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, పాలమూరు విశ్వవిద్యాలయం లాంటి చోట ఉపకులపతి కుర్చీ ఖాళీగా ఉంటే అన్వేషణ కమిటీ వేశారా, ఏ జీవోతో, ఏ తేదీన, కమిటీ పేర్లు పంపిందా అన్నవే అడగాల్సిన ప్రశ్నలు. ఇన్‌చార్జి పాలన ఎన్ని నెలలు సాగిందో కూడా అడగాలి. మంత్రి పదవుల సంఖ్యకూ లెక్క ఉంది: రాజ్యాంగం 164(1ఎ) అధికరణం ప్రకారం సభ్యుల సంఖ్యలో 15 శాతం మించొద్దు. 119 మంది సభ్యులున్న మన సభకు ముఖ్యమంత్రితో కలిపి 18.

పబ్లిక్ సర్వీస్ కమిషన్ గురించి అడిగితే ‘అది స్వయంప్రతిపత్తి గల రాజ్యాంగ సంస్థ, ప్రభుత్వం జోక్యం చేసుకోదు’ అన్న జవాబు వస్తుంది. సగం నిజం. పరీక్ష ఎట్లా పెట్టాలి, పేపర్ ఎట్లా దిద్దాలి అన్నది కమిషన్ పని. కానీ సభకు అడిగే హక్కున్న సంగతులు రాజ్యాంగంలోనే చాలా ఉన్నాయి. ఛైర్మన్‌ను, సభ్యులను నియమించేది గవర్నర్, ప్రభుత్వ సలహాతో. సభ్యుల్లో దాదాపు సగం మంది కనీసం పదేండ్లు సర్కారు కొలువు చేసినవాళ్లై ఉండాలని 316వ అధికరణంలో ఉంది. పదవీకాలం ఆరేండ్లు, లేదా 62 ఏండ్ల వయసు, ఏది ముందైతే అది. 2013లో పంజాబ్ కమిషన్ ఛైర్మన్ నియామకం కేసులో సుప్రీంకోర్టు, అట్లాంటి పదవికి మనిషి నిజాయితీని, సామర్థ్యాన్ని పరిశీలించే బాధ్యత ప్రభుత్వానిదేనని తేల్చింది. ఆ పరిశీలన ఎట్లా చేశారని అడగడం జోక్యం కాదు. ఏ పోస్టులను కమిషన్ పరిధి నుంచి తప్పించారో తెలిపే నిబంధనలను 320(5) ప్రకారం కనీసం 14 రోజులు సభ ముందు ఉంచాలి. 323(2) ప్రకారం కమిషన్ వార్షిక నివేదిక గవర్నర్‌కు వెళ్లి, అక్కడి నుంచి సభకు రావాలి. కమిషన్ సలహాను ఎక్కడెక్కడ కాదన్నారో, ఎందుకు కాదన్నారో చెప్పే మెమొరాండం దానికి జతచేయాలి. ‘చివరగా సభ ముందు పెట్టిన వార్షిక నివేదిక ఏ ఏడాదిది’ అన్న ఒక్క ప్రశ్న చాలు, ఎంతో విషయం బయటికొస్తుంది.

‘కోర్టులో ఉంది’ అన్నది ఇంకో జవాబు. గ్రూప్-1 చూడండి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్. అక్టోబర్ 16న ప్రిలిమ్స్. పేపర్ లీక్ బయటపడి 2023 మార్చిలో రద్దు. జూన్ 11న మళ్లీ ప్రిలిమ్స్, సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్. ఆ తర్వాతా కేసులే. విచారణలో ఉన్న అంశం మీద, అంటే మూల్యాంకనం సరైందా కాదా అన్నదాని మీద, సభలో అడగలేం. కానీ కేసులు ఎన్ని, ఏ తేదీల్లో ప్రభుత్వం కౌంటర్ వేసింది, స్టే ఎన్ని పోస్టులకు వర్తిస్తుంది, స్టే లేని పోస్టుల్లో నియామకాలు ఎన్ని అన్నవి అడగొచ్చు. ఇవి తీర్పును ప్రభావితం చేసేవి కావు, సర్కారు తన పని తాను చేసిందా అన్నవి. వికారాబాద్ నుంచి మఠంపల్లి దాకా గదులు అద్దెకు తీసుకొని చదువుకునే పిల్లలకు ఈ చిన్న జవాబులే కావాలి.

ఇప్పుడు జవాబు తయారయ్యే దారి. శాసనసభ సచివాలయం నుంచి ప్రశ్న శాఖకు వెళ్తుంది. ఆఫీసుల్లో దీన్ని ఎల్ఏక్యూ (లెజిస్లేటివ్ అసెంబ్లీ క్వశ్చన్) అంటారు, మండలి నుంచి వస్తే ఎల్సీక్యూ. సెక్షన్ ఆఫీసర్ దాన్ని శాఖాధిపతికి, ఆయన జిల్లా అధికారులకు పంపుతారు. జిల్లా ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్ చేతికి ఒక ఖాళీ పట్టిక వస్తుంది: మంజూరు, పనిచేస్తున్నవారు, ఖాళీ, రిమార్కులు. సాయంత్రంలోగా నింపి పంపమంటారు. ప్రశ్నలో స్పష్టత లేకపోతే ఆయన పోయిన నెల నివేదికలోని అంకెలే ఎత్తి రాస్తాడు. ‘ఫలానా తేదీ నాటికి’ అని ప్రశ్నలో ఉంటే జిల్లాలన్నీ ఒకే తేదీ లెక్క పంపాల్సి వస్తుంది. ఆ తేదీ రాయని ప్రశ్నకు ఒక జిల్లా జనవరి లెక్క, ఇంకో జిల్లా మార్చి లెక్క కలిసి వస్తాయి. పైన మంత్రి కోసం అధికారులు ఇంకో నోట్ రాస్తారు, వచ్చే అనుబంధ ప్రశ్నలు ఇవీ, వాటికి జవాబులు ఇవీ అని. సభలో మంత్రి తిప్పే ఫైలు అదే.

కాబట్టి అనుబంధ ప్రశ్న ఆ నోట్‌లో ఉండనిదై ఉండాలి. ఉపన్యాసం ఇచ్చి చివర్లో ‘దీనిపై ప్రభుత్వం ఏమంటుంది’ అని అడిగితే మంత్రి ఉపన్యాసంతోనే బదులిస్తాడు. మీరిచ్చిన పట్టికలో నాగర్‌కర్నూల్ పక్కన ఇండెంట్ పంపిన తేదీ గడి ఖాళీగా ఉంది, పంపారా లేదా? ఇంతే. పదిహేను సెకన్లు. ‘పంపాం’ అంటే తేదీ చెప్పాలి. ‘పంపలేదు’ అంటే కారణం చెప్పాలి. ‘కనుక్కొని చెబుతా’ అంటే అది హామీ.

ఆ చివరి మాటే చాలా విలువైనది. ‘పరిశీలిస్తాం’, ‘సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతాం’ లాంటి మాటలు పార్లమెంట్‌లో హామీల కింద లెక్కకొస్తాయి. మూడు నెలల్లో నెరవేర్చాలి, లేదా గడువు పెంచమని అడగాలి. లోక్‌సభలో ప్రభుత్వ హామీల కమిటీ 1953 నుంచి ఉంది. మన అసెంబ్లీకీ హామీల కమిటీ ఉంది. జవాబు వచ్చిన రోజే ఆ వాక్యాన్ని తేదీతో సహా నోట్ చేసుకొని కమిటీకి రాయొచ్చు. ఈ పని చేసే సభ్యులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

సభలో పలికిన అంకెకు ఎంత బరువుందో 2022 మార్చి 9న చూశాం. అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు 91,142 ఖాళీలున్నాయని, 11,103 కాంట్రాక్టు ఉద్యోగాలను క్రమబద్ధం చేసి, 80,039 పోస్టులకు నోటిఫికేషన్లు ఇస్తామని శాసనసభలో ప్రకటించారు. జిల్లా పోస్టులు 39,829, జోనల్ 18,866, మల్టీజోనల్ 13,170, సచివాలయం, విశ్వవిద్యాలయాలు వగైరా 8,174. అంకెలు ఇంత విడివిడిగా సభ రికార్డులో ఉన్నప్పుడు ఆ తర్వాత అడగడం తేలిక: ఈ 80,039లో ఎన్నింటికి అనుమతి, ఎన్నింటికి ఇండెంట్, ఎన్నింటికి నోటిఫికేషన్, ఎన్నింటికి నియామక పత్రం. ప్రభుత్వం మారినా ఆ నాలుగు గడులు మారవు. 2024 ఆగస్టు 2న ఉప ముఖ్యమంత్రి భట్టి విక్రమార్క సభలో జాబ్ క్యాలెండర్ ప్రకటించారు. అందులో నెలలు ఉన్నాయి. నెల దాటిన ప్రతి వరసకూ ఒక ప్రశ్న వేయొచ్చు. ఏ పార్టీ సర్కారైనా ఇదే కొలత పెట్టాలని నా పట్టుదల.

కేంద్రం కొలువుల ప్రశ్న అసెంబ్లీలో వేసి వృథా చేసుకోవద్దు. బీబీనగర్ ఎయిమ్స్‌లో వైద్యుల ఖాళీలు, రైల్వే, తపాలా ఉద్యోగాలు పార్లమెంట్‌లో అడగాల్సినవి. నల్గొండ, భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ఎంపీలు నలుగురున్నారు. నోటీసు 15 రోజుల ముందు ఇవ్వాలి, లాటరీలో పేరు రావాలి. పేరు రాకపోయినా నక్షత్రం లేని ప్రశ్నకు అవకాశం ఎక్కువ. మాడ్గుల నుంచి వచ్చి కల్వకుర్తి ఎమ్మెల్యేగా, తర్వాత మహబూబ్‌నగర్, మిర్యాలగూడ ఎంపీగా పనిచేసిన ఎస్. జైపాల్ రెడ్డికి 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం వచ్చింది. ఎంపీ కార్యాలయంలో పనిచేసే పిల్లలు ఆయన సభలో మాట్లాడిన రికార్డులు తీసి చదవాలి.

శాసనమండలిని మనవాళ్లు సరిగా వాడుకోవడం లేదు. 40 మందిలో ముగ్గురు పట్టభద్రుల నుంచి, ముగ్గురు ఉపాధ్యాయుల నుంచి ఎన్నికవుతారు. నల్గొండ వైపు వరంగల్, ఖమ్మంతో కలిసిన నియోజకవర్గం, పాలమూరు వైపు రంగారెడ్డి, హైదరాబాద్‌తో కలిసినది. పట్టభద్రుల స్థానాల్లో ఓటర్లంతా డిగ్రీ చదివినవాళ్లే కాబట్టి కొలువుల ప్రశ్న అడగడం వాళ్ల మొదటి పని. అసెంబ్లీలో జాబితాకెక్కని ప్రశ్నను కొంచెం మార్చి మండలిలో వేయించండి.

బ్రిటన్‌లో కొన్ని ముఖ్యమైన పదవులకు ఎంపికైనవాళ్లను నియామకానికి ముందే పార్లమెంట్ కమిటీ పిలిచి ప్రశ్నించే పద్ధతి 2008 నుంచి ఉంది. కమిటీ వద్దన్నా మంత్రి నియమించొచ్చు, 2009లో బాలల కమిషనర్ విషయంలో అట్లాగే జరిగింది. అయినా కారణం మంత్రి నలుగురిలో చెప్పుకోవాల్సి వచ్చింది. మనకు ఆ ముందస్తు మెట్టు లేదు. ఉన్నవి తర్వాతి మెట్లే: ప్రశ్న, బడ్జెట్ పద్దుల మీద చర్చ, ఎస్సీ, ఎస్టీ, బీసీ సంక్షేమ కమిటీల్లో రిజర్వేషన్ అమలు పరిశీలన. పద్దుల చర్చలో విధానం మొత్తాన్ని అడగొచ్చు, ఆరు నిమిషాల గొలుసు ఉండదు.

జవాబు వచ్చాక చేయాల్సిన పని ఒకటుంది. ఎల్ఏక్యూ నంబరు, తేదీ రాసి పెట్టుకోండి. అనుబంధం పట్టికతో సహా జిరాక్స్ తీయించండి. ‘ఫలానా ఎల్ఏక్యూకు జవాబు తయారీ కోసం జిల్లాల నుంచి వచ్చిన సమాచారం నకళ్లు’ అని సమాచార హక్కు కింద దరఖాస్తు పెడితే, జిల్లా అధికారి పంపిన అంకెకు, సభలో చదివిన అంకెకు తేడా ఉంటే బయటపడుతుంది. ఆ తేడా వచ్చే సమావేశాల మొదటి ప్రశ్న. నోటీసు కాగితం మీద పాత ఎల్ఏక్యూ నంబరు పైన రాసి, కింద ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి పంపండి.